తూలే నడక వెనుక: మైటోకాండ్రియా జబ్బున్న పెద్దవారిలో నిలకడ, పొందిక సమస్యలు

విశాఖలోని గాజువాక ఆటోనగర్‌లో పని అంటే చాలామటుకు నిలబడి చేసే పనే. లేత్ దగ్గర, గ్రైండింగ్ చక్రం దగ్గర, గ్యాస్ కటింగ్ దగ్గర, లారీ బాడీలు కట్టేచోట, ఫ్యాబ్రికేషన్ సామాను అతికే షెడ్లలో షిఫ్టంతా కాళ్ళమీదే ఉండాలి. నేలమీద కేబుళ్ళు, ఇనుప ముక్కలు, ఆయిలు మరకలు ఉంటాయి. ఇలాంటి చోట ముప్ఫయ్యయిదేళ్ళ మనిషి కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం మొదలుపెట్టి, మాట కూడా కాస్త ముద్దగా వస్తే, పక్కవాళ్ళు మొదట అనుకునేది ‘పొద్దున్నే వేసుకొచ్చాడు’ అనే. తాగడని తెలిసినవాళ్ళు బీపీ అంటారు, షుగర్ అంటారు, మెడ ఎముకలు అరిగాయంటారు. ఈ మూడూ ఎక్కువమందిలో ఉండేవే కాబట్టి ఆ అనుమానాలు తప్పు కావు. వాటిని దాటి మిగిలిపోయే కొద్దిమందిలో కొందరికి కారణం కణాల లోపలి మైటోకాండ్రియాలో ఉంటుంది. ఈ వ్యాసం ఆ కొందరి గురించి.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మైటోకాండ్రియా జబ్బులో నిలకడ తప్పడం అంటే ఒకే చోట వచ్చిన ఒకే లోపం కాదు. చిన్నమెదడు దెబ్బతిన్నా మనిషి తూలతాడు. పాదాల నుంచి మెదడుకు కబురు మోసే నరాలు దెబ్బతిన్నా తూలతాడు. లోపలి చెవి, కంటి కండరాలు, తొడ కండరాలు, వీటిలో ఏది నీరసించినా తూలతాడు. ఒకే మనిషిలో రెండు మూడు కలిసి కూడా ఉండవచ్చు. ఏది ఎంత అన్నది తేల్చకుండా మందు రాసినా, వ్యాయామం చెప్పినా, పని మాన్పించినా అది గుడ్డిలెక్కే అవుతుంది. పరిశోధనలు ఇప్పటివరకు గట్టిగా నిలబెట్టింది కూడా ఈ విషయాన్నే. మందుల గురించి అవి చెప్పగలిగింది చాలా తక్కువ.

శరీరంలోని కణాలు ఖర్చుపెట్టే శక్తి ఏటీపీ అనే పదార్థంగా తయారవుతుంది. దాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల నుంచి వేరుచేసి చూపినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. ఆ ఏటీపీలో అధిక భాగం మైటోకాండ్రియాలోనే తయారవుతుందన్నది తర్వాతి దశాబ్దాల్లో స్పష్టమైంది. మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది. 16,569 అక్షరాల పొడవున్న ఆ డీఎన్‌ఏను 1981లో కేంబ్రిడ్జిలో పూర్తిగా చదివారు. అందులో జన్యువులు 37 మాత్రమే. ప్రొటీన్లను తయారుచేసేవి 13. మైటోకాండ్రియాకు కావలసిన మిగతా వెయ్యికి పైగా ప్రొటీన్ల సమాచారం కణకేంద్రకంలోని డీఎన్‌ఏలో ఉంటుంది. అందువల్ల ఈ జబ్బులు రెండు దారుల్లో వస్తాయి: తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏ దారి ఒకటి, తల్లిదండ్రులిద్దరి నుంచి వచ్చే కేంద్రక జన్యువుల దారి ఇంకొకటి.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ లోపాల్లో మరో చిక్కు ఉంది. ఒక కణంలో దాని ప్రతులు వందలు, వేలు ఉంటాయి. వాటిలో కొన్ని బాగుండి కొన్ని చెడి ఉండవచ్చు. చెడ్డవాటి పాలు ఒక హద్దు దాటితేనే ఆ కణం పని తప్పుతుంది. ఆ పాలు కండరంలో ఒకలా, రక్తంలో ఒకలా, మెదడులో మరోలా ఉంటుంది. అన్నకు చక్కెర జబ్బు, చెవుడు మాత్రమే ఉండి, అదే తల్లి కడుపున పుట్టిన చెల్లెలికి మూర్ఛలు, నడకలో తూలు రావడం ఇందువల్లే సాధ్యమవుతోంది.

మైటోకాండ్రియా డీఎన్‌ఏలో పెద్ద ముక్కలు ఎగిరిపోవడం మనుషుల్లో కండర జబ్బుకు కారణమవుతుందని 1988లో లండన్ నుంచి వచ్చిన వ్యాసం చూపింది. అది రాసిన ముగ్గురిలో అనితా హార్డింగ్ ఒకరు. అంతకుముందే ఆమె వంశపారంపర్య అటాక్సియాలను, అంటే తూలు, పొందిక తప్పే జబ్బులను, వర్గీకరించిన నరాల వైద్యురాలు. 1990లో ఆమె బృందమే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 8993 స్థానంలోని మార్పును గుర్తించింది. కాళ్ళ నరాల బలహీనత, అటాక్సియా, కంటి రెటీనా దెబ్బతినడం అందులో కలిసి ఉంటాయి. అదే ఏడాది మరో రెండు మార్పులు బయటపడ్డాయి. పక్షవాతం వంటి దాడులు, చక్కెర జబ్బు, వినికిడి లోపంతో ముడిపడ్డ ఎం.3243ఎ>జి ఒకటి. కండరాల ఉలికిపాట్లు, మూర్ఛలు, అటాక్సియాతో ముడిపడ్డ ఎం.8344ఎ>జి రెండోది. తూలు నడకల అధ్యయనమూ మైటోకాండ్రియా అధ్యయనమూ మొదటినుంచీ కలిసే నడిచాయనడానికి హార్డింగ్ జీవితమే సాక్ష్యం. ఆమె 1995లో 42 ఏళ్ళకే చనిపోయారు. ఇంకొన్నేళ్ళు బతికి ఉంటే ఈ రంగం మరెంత ముందుకు వెళ్ళేదో.

కేంద్రక జన్యువుల్లో ముఖ్యమైనది పోల్-జి. మైటోకాండ్రియా డీఎన్‌ఏకు నకళ్ళు తీసే ఎంజైమ్ దీని నుంచి వస్తుంది. ఇందులోని లోపాలు పెద్దవాళ్ళలో కంటి కండరాల బలహీనతకు కారణమవుతాయని 2001లో తేలింది. స్పర్శ నరాలు దెబ్బతిని వచ్చే తూలు, మాట ముద్దగా మారడం, కళ్ళు అటూ ఇటూ తిరగకపోవడం కలిసి కనబడే రూపం కూడా దీనిదే.

శవపరీక్షలో దొరికిన ఆధారాలు ఇక్కడ చాలా విలువైనవి. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ బృందం మైటోకాండ్రియా డీఎన్‌ఏ జబ్బుతో చనిపోయినవారి చిన్నమెదళ్ళను పరిశీలించి 2012లో ప్రచురించింది. వాటిలోని పుర్కింజే అనే నాడీకణాలు తగ్గిపోయాయి. మిగిలినవాటిలో శక్తి తయారీ గొలుసులోని మొదటి భాగం లోపించింది. చిన్నమెదడు నుంచి ఆదేశాలు బయటికి వెళ్ళే డెంటేట్ కేంద్రకంలోనూ నష్టం కనిపించింది. పుర్కింజే కణాలు మనిషి కదలకుండా కూర్చున్నప్పుడు కూడా సెకనుకు పదుల సార్లు సంకేతాలు పంపుతూనే ఉంటాయి. శక్తి కొరతకు అవి తొందరగా లొంగుతాయన్న వాదన అందుకే బలంగా ఉంది. అయితే ఇది చనిపోయేనాటి చిత్రం. ఏ నష్టం ముందు, ఏది తర్వాత అన్నది దాన్నిబట్టి ఖాయంగా చెప్పలేం. అదే సంవత్సరం అదే బృందం పోల్-జి లోపమున్నవారిలో వెన్నుపూసల పక్కనుండే స్పర్శ నాడీకణాల గుంపులు తీవ్రంగా క్షీణించాయని చూపింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పైకి ఒకేలా కనిపించే తూలుకు మూలాలు ఎంత దూరంలో ఉన్నాయో అర్థమవుతుంది.

2014లో న్యూకాసిల్ నుంచే వచ్చిన మరో పరిశోధన 3243, 8344 మార్పులున్నవారి అడుగులను కొలిచే పరికరాలతో పోల్చింది. నడకలోని తేడాలు కూడా మార్పును బట్టి వేరుగా ఉన్నాయని అది నివేదించింది. జబ్బు అరుదు కాబట్టి పాల్గొన్నవారు కొద్దిమందే. ఆ ఫలితాన్ని దిక్కు చూపే ఆనవాలుగా తీసుకోవాలే తప్ప, నడక చూసి జన్యువు పేరు చెప్పే పద్ధతిగా వాడకూడదు.

పరీక్షగదిలో ఏం చూడాలి

ఖరీదైన పరికరాలు లేకుండానే చాలా తేల్చవచ్చు. 1846 ప్రాంతంలో బెర్లిన్ వైద్యుడు రాంబెర్గ్ వర్ణించిన పరీక్ష ఈనాటికీ పనికొస్తుంది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడ్డ మనిషి కళ్ళు తెరిచినప్పుడు నిలకడగా ఉండి, మూయగానే పడబోతే తప్పు పాదాల నుంచి వచ్చే స్పర్శ సమాచారంలోనో లోపలి చెవిలోనో ఉంది. కళ్ళు తెరిచి ఉన్నా తూలుతుంటే చిన్నమెదడును అనుమానించాలి. స్పర్శ నరాలు దెబ్బతిన్నవాళ్ళు ముఖం కడుక్కుంటూ కళ్ళు మూయగానే ముందుకు వాలిపోతారు. రాత్రి షిఫ్టులో కరెంటు పోయినప్పుడు గోడ పట్టుకుంటారు. పగలు షెడ్డులో అదే మనిషి బాగానే నడుస్తాడు. ఈ మాటలు ఇంట్లోవాళ్ళు చెబుతారు. డాక్టరు అడగాలి.

చిన్నమెదడు తూలు ఇంకోలా ఉంటుంది. ఒక గీతమీద మడమకు వేలు ఆనించి నడవలేకపోవడం, డాక్టరు వేలిని తాకబోయి గురితప్పడం, గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి చెయ్యి వణకడం, మాట తెగిపోతూ రావడం దాని గుర్తులు. లోపలి చెవి లోపమైతే తల తిప్పినప్పుడు ఎదుటి బోర్డు మీది అక్షరాలు ఊగుతాయి. 3243 మార్పున్నవారిలో వినికిడి లోపం తరచు కనిపిస్తుంది కాబట్టి, చెవిని కేవలం వినికిడి కోసం కాక నిలకడ కోసం కూడా పరీక్షించడం సబబు. గ్రైండింగ్, సుత్తి మోతల మధ్య పనిచేసేవారిలో చెవుడు మోత వల్ల వచ్చిందా, జబ్బు వల్ల వచ్చిందా అన్న ప్రశ్న వేరే ఉంటుంది. తల్లికి, మేనమామలకు, పెద్దమ్మ పిన్నమ్మలకు చిన్న వయసులోనే చెవుడు, షుగర్ వచ్చాయా అని అడిగితే దానికి సగం జవాబు దొరుకుతుంది.

తూలు తీవ్రతను కొలవడానికి 2006లో జర్మనీ వైద్యుల ఆధ్వర్యంలో వచ్చిన ‘సారా’ కొలమానం వాడుతున్నారు. ఎనిమిది అంశాలు, 0 నుంచి 40 దాకా మార్కులు. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అయితే దీన్ని ప్రధానంగా చిన్నమెదడు జబ్బుల కోసం తయారుచేశారు. మైటోకాండ్రియా జబ్బులో కండరాల నీరసం, అలసట కూడా మార్కులు పెంచగలవు. ఉదయం పరీక్షిస్తే ఒక సంఖ్య, షిఫ్టు దిగాక పరీక్షిస్తే ఇంకో సంఖ్య రావచ్చు. ఏ వేళలో చూశారో పక్కన రాసుకోవడం వల్ల ఏడాది తర్వాతి పోలికకు అర్థం ఉంటుంది.

ముందుగా తీసేయాల్సిన కారణాలు

అరుదైన జబ్బు గురించి చదివినవారికి అది అంతటా కనిపించే ప్రమాదం ఉంది. అందుకే ఈ భాగం కాస్త వివరంగా చెప్పాలి. మైటోకాండ్రియా వైపు వెళ్ళేముందు విటమిన్ బి12 చూడాలి. దాని లోపం వెన్నుపామును, నరాలను దెబ్బతీసి అచ్చం స్పర్శ నరాల తూలునే తెస్తుంది. పూర్తి శాకాహారుల్లోనూ, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగర్ రోగుల్లోనూ ఇది వస్తుంది. వైద్యం చవక, తొందరగా మొదలుపెడితే మేలు జరుగుతుంది. షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బు, థైరాయిడ్ లోపం, మద్యం కూడా ముందే చూడాల్సినవే. రంగుల పనిలో థిన్నర్ వాడతారు. అందులో ఉండే టోల్యూన్‌ను మత్తుకోసం ఏళ్ళపాటు పీల్చినవారిలో చిన్నమెదడు దెబ్బతిన్నట్టు వైద్య సాహిత్యంలో ఉంది. అంతమాత్రాన పనిలో కొద్దిగా తగిలే ఆవిరికి అదే ఫలితాన్ని అంటగట్టకూడదు. వెల్డింగ్ పొగలోని మాంగనీసు ఎక్కువైతే వచ్చేది పార్కిన్సన్ తరహా బిగువు. ఆ నడక వేరు.

అన్నిటికంటే తరచుగా మరిచిపోయేది ఫెనిటాయిన్. మూర్ఛలకు మన దగ్గర ఎంతోకాలంగా వాడుతున్న చవక మందు ఇది. మోతాదు కొంచెం పెంచినా రక్తంలో దాని మట్టం ఒక్కసారిగా పైకి పోవచ్చు. అప్పుడు కళ్ళు కొట్టుకోవడం, మాట తడబడటం, తూలడం మొదలవుతాయి. మైటోకాండ్రియా జబ్బున్నవారిలో చాలామందికి మూర్ఛలూ ఉంటాయి. కాబట్టి తూలు పెరిగిన ప్రతిసారీ జబ్బు ముదిరిందని తేల్చేముందు మందుల చీటీ చూడాలి. చీటీలో ఇంకో ప్రమాదమూ ఉండవచ్చు. పోల్-జి లోపమున్నవారికి వాల్‌ప్రోయేట్ ఇస్తే కాలేయం ప్రాణాంతకంగా దెబ్బతినవచ్చు. ఈ హెచ్చరికకు ఆధారం గట్టిది.

హైదరాబాద్ చూపిన ఆధారం, దాని హద్దులు

తెలుగు నేలమీద పెద్దవారి మైటోకాండ్రియా జబ్బుల గురించి చెప్పుకోదగ్గ పని హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జరిగింది. కండరపు ముక్కలో ఎర్రగా చిరుగులు పడ్డట్టు కనిపించే పోగులున్న అరవైమంది రోగుల వివరాలను అక్కడి వైద్యులు 2004లో ‘న్యూరాలజీ ఇండియా’లో ప్రచురించారు. 2015లో అదే నగరంలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, నిమ్స్ వైద్యులు కలిసి ఈ జబ్బుల నిర్ధారణలో, వైద్యంలో ఎదురయ్యే చిక్కులపై ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’లో సమీక్ష రాశారు.

నిమ్స్ జాబితా విలువైనది. కానీ తూలు గురించి దాని నుంచి లెక్క తీయబోతే ఒక జాగ్రత్త కావాలి. ఆ అరవైమందిని ఎంచుకున్నదే ఎర్ర పోగులు కనిపించినందుకు. 8993 మార్పున్నవారి కండరంలో ఆ పోగులు సాధారణంగా ఉండవు. పోల్-జి వల్ల తూలు వచ్చిన కొందరిలో కండరపు ముక్క పరీక్ష (బయాప్సీ) మామూలుగానే ఉండగలదు. అంటే, నడక తప్పినవారే ఇలాంటి జాబితాల నుంచి జారిపోయే అవకాశం ఎక్కువ. ‘బయాప్సీ నార్మల్’ అన్న కాగితంతో ఒక కుటుంబం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ నుంచి విశాఖకు తిరిగొస్తే, ఆ కాగితం జబ్బు లేదనడానికి రుజువు కాదని ఎవరైనా వాళ్ళకు చెప్పాలి. 3243 మార్పు విషయంలో రక్తపరీక్ష కూడా మోసం చేయగలదు. వయసు పెరిగేకొద్దీ రక్తంలో ఆ మార్పు పాలు తగ్గిపోతుంది. మూత్రంలోని కణాల్లో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. జన్యుపరీక్ష చేయించేటప్పుడు కేంద్రక జన్యువులతోపాటు మైటోకాండ్రియా డీఎన్‌ఏ కూడా చదువుతారా అని ప్రయోగశాలను అడిగి తెలుసుకోవాలి. రెండోది ప్రతి ప్యాకేజీలోనూ ఉండదు.

ఈశాన్య ఇంగ్లండ్‌లో 2015లో వేసిన లెక్క ప్రకారం జబ్బున్నవారు, అది వచ్చే అవకాశమున్నవారు కలిపి సుమారు 4,300 మంది పెద్దవారిలో ఒకరు. ఆ సంఖ్యతో విశాఖ జనాభాను భాగించి రోగుల లెక్క చెప్పడం సరికాదు. ఐరోపాలో పోల్-జి మార్పుల్లో కొన్ని పాత పూర్వీకుల నుంచి వ్యాపించినవి. మన జనసమూహాల జన్యుచరిత్ర వేరు.

ఆ చరిత్రలో మేనరికం ఒక భాగం. మైటోకాండ్రియా జబ్బు అనగానే ‘మేనరికం చేసుకున్నారుగా, అందుకే’ అని ఇంటి కోడలిని నిందించడం ఉంది. శాస్త్రం చెప్పేది ఇంతకంటే సూక్ష్మమైనది. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ మార్పుకు మేనరికంతో సంబంధం లేదు. భర్త ఎవరైనా అది రావచ్చు. పోల్-జి వంటి జన్యువుల్లో తల్లిదండ్రులిద్దరి నుంచి చెడ్డ ప్రతి వస్తేనే కలిగే రకాల్లో మాత్రం మేనరికం ప్రమాదాన్ని పెంచుతుంది. ఏ జన్యువో తేలకముందే ఎవరిమీదా నింద వేయడానికి ఆధారం లేదు. తేలిన తర్వాత కూడా, తెలియకుండా మోసుకొచ్చిన దానికి నింద అన్న మాటే పొసగదు.

మందులు, వ్యాయామం

కోఎంజైమ్ క్యూ10, రైబోఫ్లేవిన్, కార్నిటిన్ కలిపి రాయడం వాడుకలో ఉంది. 2012లో వెలువడిన కొక్రేన్ సమీక్ష ప్రపంచమంతా గాలించి, ప్రమాణాలకు సరిపడిన ప్రయోగాలు పన్నెండే ఉన్నాయని, మైటోకాండ్రియా జబ్బుల్లో ఏ వైద్యానికీ స్పష్టమైన మేలు రుజువు కాలేదని చెప్పింది. రుజువు కాలేదంటే పనిచేయదని తేలినట్టు కాదు. కానీ దినకూలీ మీద బతికే ఇల్లు నెలనెలా ఆ బిళ్ళల ఖర్చు పెట్టేముందు ఈ మాట తెలిసి ఉండటం వాళ్ళ హక్కు. ఇందులో ఒక మినహాయింపు ఉంది. శరీరం క్యూ10ను తయారుచేసుకోలేని జన్యులోపాల్లో తూలు ప్రధాన లక్షణం కావచ్చు. అలాంటివారిలో కొందరికి క్యూ10 ఇస్తే మేలు కనిపించింది. విటమిన్ ఇ లోపం వల్ల వచ్చే వంశపారంపర్య అటాక్సియా కూడా ఇలా మందుకు లొంగేదే. అందుకే జన్యువు పేరు తేల్చడానికి పడే శ్రమ కాగితాల కోసం కాదు.

వ్యాయామం విషయంలో ఆధారాలు కొంత మెరుగు. మైటోకాండ్రియా డీఎన్‌ఏ మార్పులున్న ఇరవైమందికి పన్నెండు వారాలు సైకిల్ తొక్కించిన డెన్మార్క్ పరిశోధన 2006లో వచ్చింది. శ్రమించే సామర్థ్యం పెరిగింది, హాని కనిపించలేదు. అది కండరాల సత్తువ గురించి మాత్రమే. తూలుకు సంబంధించిన శిక్షణపై ఆధారాలు వేరే జబ్బుల నుంచి అరువు తెచ్చుకున్నవి. 2009లో జర్మనీలో పదహారుమందికి నాలుగు వారాలపాటు పొందిక పెంచే వ్యాయామాలు చేయించారు. చిన్నమెదడు లోపమున్న పదిమందికి మేలు స్పష్టంగా కనిపించింది. స్పర్శ నరాల లోపమున్న ఆరుగురిలో అది తక్కువ. జపాన్‌లో 42 మందితో చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలోనూ నాలుగు వారాల శిక్షణ తూలును తగ్గించింది. ఆరు నెలలు గడిచేసరికి ఆ లాభం తగ్గుముఖం పట్టింది, అయినా సగానికి పైగా మందిలో కొంత నిలిచింది. శిక్షణను ఇంట్లో, ఏళ్ళ తరబడి కొనసాగించాలన్నది దాన్నుంచి తీసుకోగల జాగ్రత్తైన నిర్ణయం. స్పర్శ నరాలు దెబ్బతిన్నవారికి వ్యాయామంతోపాటు రాత్రి వెలుతురు, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, గట్టి అడుగున్న చెప్పులు అంతే అవసరమని నేననుకుంటాను.

పని దగ్గర

వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 20వ సెక్షన్, నాలుగో ఉపసెక్షన్ ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పనికి సరిపోకపోతే అదే జీతంతో వేరే పనిలో పెట్టాలి. ప్రభుత్వ కంపెనీలు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. విశాఖ స్టీల్‌ప్లాంటు పర్మినెంటు ఉద్యోగికి ఆ రక్ష ఉంది. అదే ప్లాంటుకు సామాను చేసిచ్చే ఆటోనగర్ ప్రైవేటు షెడ్డులోని కార్మికుడికి ఆ ఉపసెక్షన్ వర్తించదు. ఈఎస్‌ఐ ఉన్నవారికి మాత్రం 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితా కింద రెండేళ్ళ వరకు 80 శాతం వేతనం ఇచ్చే సౌకర్యం ఉంది. ఆ జాబితా జబ్బుల పేర్లతో నడుస్తుంది. ‘తల తిరుగుడు’ అని రాసిన సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. నరాల, కండరాల జబ్బును సరిగ్గా పేర్కొన్న నిపుణుడి కాగితం కావాలి.

ఎత్తులో పనిచేసేవారికి చాలా పరిశ్రమల్లో హైట్ పాస్ ఇచ్చేముందు నిలకడ పరీక్ష చేస్తారు. పగటి వెలుతురులో, కళ్ళు తెరిచి, సమతల నేలమీద నడిపించి చూస్తే స్పర్శ నరాల తూలు అందులో దొరకదు. కళ్ళు మూయించి నిలబెట్టడం, మడమకు వేలు ఆనించి నడిపించడం కలిపితే అదనంగా పట్టేది రెండు నిమిషాలు. తప్పినవారి పాస్ ఆపేసి ఇంటికి పంపితే, మరుసటి వారం వాళ్ళు పరీక్ష అడగని కాంట్రాక్టరు దగ్గర నిచ్చెన ఎక్కుతారు. నిచ్చెన, తిరిగే చక్రం, క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్ కాకుండా కూర్చుని చేసే బెంచి పని, స్టోర్సు, కొలతల తనిఖీ వంటివాటికి మార్చమని డాక్టరు రాసివ్వాలి. దానితోపాటే నరాల వైద్యుడి దగ్గరికి, వీలైతే తల్లిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళమని చెప్పాలి.